కెమెరా లేకుండా తీసిన నాచు ఫొటోలు: సైన్సా, కళా?

"పాతకాలంలో కెమెరా లేకుండానే మొక్కల ఫొటోలు తీసేవారట, నిజమేనా? అది సైన్సా, కళా?" అని అడిగారు. నిజమే. మా డాబా మీద నేనూ చేసి చూశాను, పాడుచేసిన కాగితాలే ఎక్కువనుకోండి.

దాని పేరు సయనోటైప్. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. అమోనియం ఫెర్రిక్ సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ నీళ్లలో కలిపి, చీకట్లో కాగితానికి పూసి ఆరబెట్టాలి. పైన ఆకు పరిచి, గాజుపలకతో అదిమి ఎండలో పెట్టి, తరవాత కడగాలి. ఎండ తగిలినచోటు నీలం, నీడ పడినచోటు తెలుపు. ఇంజనీర్ల బ్లూప్రింట్లు పుట్టింది కూడా దీన్నుంచే.

మరుసటి ఏడే ఆనా అట్కిన్స్ అనే ఆవిడ దీంతో సముద్రపు నాచుల పుస్తకం మొదలుపెట్టింది. విలియం హార్వీ 1841లో బ్రిటన్ నాచుల మీద రాసిన పుస్తకంలో బొమ్మల్లేవు, దానికి తోడుగా ఉండాలనే ఆవిడ ఉద్దేశం. అంత సన్నటి పోగుల్ని చేత్తో ఉన్నదున్నట్టు గీయడం కష్టమని, నాచునే కాగితం మీద పెట్టేసింది. 1853 దాకా విడతలుగా వేస్తూనే ఉంది. పక్కన రాసిన పేర్లు కూడా ఆవిడ చేతిరాతే, అవీ నీలంలో అచ్చుపడినవే.

ఇక నా గోల. మొదట జిల్లేడాకు పెట్టాను. మందం కదా, తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాలేదు. మునగరెమ్మ పెడితే మాత్రం ఒక్కో ఆకూ విడివిడిగా పడింది. ఎండిన నాచు పొరలా పలచగా ఉంటుంది, వెలుగు కాస్త లోపలికి దూరి మడతలు కూడా కనిపిస్తాయి. ఆవిడ అచ్చులు అంత బాగా రావడంలో నాచు గొప్పా ఉంది! మా బోరునీళ్లలో కడిగిన కాగితమైతే వెలిసిపోయింది. క్షారం ఎక్కువున్న నీళ్లు ఆ నీలానికి పడవు. ఇప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతున్నా.

మీ రెండో ప్రశ్నకొస్తే, కొలత ఉన్నదున్నంత, గీసేవాడి ఊహ కలవదు కాబట్టి సైన్సే. కానీ నాచుల్ని గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ అని రంగును బట్టే విడదీస్తారు, ఇక్కడ అన్నీ తెల్లగానే పడతాయి. సైన్సుకు అది పెద్ద లోటే. కళ ఎక్కడుందంటారా? తడినాచును కాగితం మీద ఎటు వంచాలి, ఎంత ఖాళీ వదలాలి అన్న చోట. అట్కిన్స్ తన పుస్తకం పేరులోని అక్షరాల్ని నాచుపోగుల్లా అల్లింది, చూడండి. హార్వీ పుస్తకానికి తోడుగా వాడుకోవడానికి ఆ అల్లిక అక్కర్లేదు కదా.