రాకీ పర్వతాల రైలు, ఆపై అలాస్కా ఓడ: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, మా ఆవిడకు 62. విద్యుత్ శాఖలో రిటైరయ్యాను. పింఛనులో ఖర్చులు పోను నెలకు 25 వేలు మిగులుతుంది. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 22 లక్షలు ఉన్నాయి. రెండు ఎఫ్‌డీలు ఉన్నాయి. 5 లక్షలది ఈ జనవరిలో, 8 లక్షలది వచ్చే నవంబరులో మెచ్యూర్ అవుతాయి. సేవింగ్స్ ఖాతాలో 4 లక్షలున్నాయి. వచ్చే జూన్‌లో కాల్గరీలో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్లి, బాన్ఫ్ నుంచి వాంకూవర్‌కు రాకీ మౌంటెనీర్ రైల్లో రావాలని, మర్నాడే వాంకూవర్‌లో ఓడెక్కి ఏడు రాత్రులకు అలాస్కాలోని సీవార్డ్‌లో దిగాలని, అక్కణ్నుంచి సియాటిల్‌లో అబ్బాయి దగ్గరకు వెళ్లాలని అనుకుంటున్నాం. అమెరికా వీసాలు ఉన్నాయి, కెనడావి తీసుకోవాలి. రైలుకు మనిషికి సిల్వర్‌లీఫ్ అయితే 2,400, గోల్డ్‌లీఫ్ అయితే 3,300 కెనడా డాలర్లు చెప్పారు. ‘జీవితంలో ఒక్కసారే కదా, గోల్డ్ తీసుకోండి, ఏడాదిపాటు నో కాస్ట్ ఈఎంఐ ఇస్తాం’ అంటున్నారు ట్రావెల్స్ వాళ్లు. ఈఎంఐ తీసుకోనా, 8 లక్షల ఎఫ్‌డీ రద్దు చేయనా? మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు.

జవాబు: రెండూ వద్దు. రైల్లో సిల్వర్‌లీఫ్ తీసుకోండి. మిగిలే డబ్బులో కొంత పెట్టి వాంకూవర్‌లో ఇంకో రాత్రి గది తీసుకోండి. మీ ప్లానులో డబ్బు పోయే అవకాశం ఎక్కువగా ఉన్నది రైలు దిగడానికీ ఓడ ఎక్కడానికీ మధ్యనే. ట్రావెల్స్ వాళ్లు ఆ సంగతి ఎత్తినట్టు లేదు.

ముందు రైలు సంగతి చూద్దాం. ఇది పగలు మాత్రమే నడిచే రెండు రోజుల ప్రయాణం. మొదటి రాత్రి కామ్లూప్స్ ఊళ్లో హోటల్లో దింపుతారు. ఆ గది, రెండు రోజుల టిఫిను, మధ్యాహ్న భోజనం, చిరుతిళ్లు, డ్రింకులు రెండు తరగతుల్లోనూ టికెట్లోనే వస్తాయి. కామ్లూప్స్‌లో రాత్రి భోజనం మాత్రం మీ ఖర్చే. గోల్డ్‌లీఫ్ రెండంతస్తుల పెట్టె. పైన అద్దాల గోపురం కింద సీట్లు, కింద భోజనశాల, బయట నిలబడి చూడటానికి చిన్న వసారా ఉంటాయి. సిల్వర్‌లీఫ్ ఒకే అంతస్తు, పైకి వంపు తిరిగిన పెద్ద కిటికీలు, భోజనం సీటు దగ్గరికే వస్తుంది. గోల్డ్‌లో మెట్లు ఎక్కలేనివాళ్లకు లిఫ్టు ఉంటుంది గానీ, మోకాళ్ల నొప్పులున్న మనిషి కదిలే రైల్లో భోజనానికి రోజుకు రెండుసార్లు కిందకీ పైకీ తిరగడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. కిటికీలోంచి కనిపించేవి మాత్రం ఒకటే. కికింగ్ హార్స్ కనుమలో కొండ కడుపులో మెలి తిరిగే స్పైరల్ సొరంగాలు సిల్వర్ వాళ్లకూ కనిపిస్తాయి. మునుపు ఆ వాలు 4.5 శాతం ఉండేది, బళ్లు అదుపు తప్పేవి. 1909లో ఈ సొరంగాలు కట్టి దాన్ని 2.2కు తెచ్చారు. ఫొటోల పిచ్చి ఉండి, మోకాళ్లు బాగుండి, ఆ వసారాలో గంటలు నిలబడే ఓపిక ఉన్నవాళ్లకైతే గోల్డ్ దండగ అనను. మీకు మాత్రం సిల్వరే సుఖం.

తేడా ఎంతో చూడండి. కెనడా డాలరు 65 రూపాయలు, అమెరికా డాలరు 90 రూపాయలు అనుకుని లెక్క కడుతున్నాను. చెప్పిన ధరల మీద కెనడా జీఎస్టీ 5 శాతం వేస్తే ఇద్దరికీ సిల్వర్ 5,040 డాలర్లు, అంటే 3,27,600 రూపాయలు. గోల్డ్ 6,930 డాలర్లు, అంటే 4,50,450. తేడా 1,22,850 రూపాయలు.

ఇక ఆ రైలుకూ ఓడకూ మధ్య సందు. పెట్టెలూ ఇంజన్లూ రైలు కంపెనీవే అయినా పట్టాలు సీపీకేసీ, సీఎన్ అనే గూడ్సు కంపెనీలవి. ఫ్రేజర్ లోయలో నదికి చెరో ఒడ్డున ఈ రెండు కంపెనీల లైన్లూ ఉంటాయి. పడమరకు పోయే బళ్లన్నీ ఒక లైను మీద, తూర్పుకు వచ్చేవన్నీ రెండో లైను మీద నడుపుకుంటారు. కిలోమీటర్ల పొడవు గూడ్సు ముందుంటే మీ బండి ఆగాల్సిందే. గంటా రెండు గంటల ఆలస్యం మామూలు విషయం. దానికి మీరు అనుకున్న ఒక్క రాత్రి చాలు. ఒక రోజు పోయేలాంటి ఆటంకాలు వేరే ఉన్నాయి. 2021 జూన్ చివర్లో ఈ దారిలోని లిటన్ ఊరు కాలిపోయింది, అదే నవంబరులో వరదలకు లైన్లు తెగాయి, 2024 జులైలో జాస్పర్ దగ్గర కార్చిచ్చు, అదే ఏడాది ఆగస్టు 22న రెండు గూడ్సు కంపెనీలూ ఒకేసారి లాకౌట్. రైలు ఆగితే బస్సులో తెచ్చినా మీరు వాంకూవర్ చేరేది ఎప్పుడో చెప్పలేం.

అలాంటప్పుడు చాలామంది ‘ఓడ తర్వాతి రేవులో ఎక్కేద్దాం’ అనుకుంటారు. మీ విషయంలో అది కుదరదు. ఓడ మీరు లేకుండా వెళ్లిపోతే తర్వాత ఆగే కెచికాన్ అమెరికాది, మీరు దిగాల్సిన సీవార్డ్ కూడా అమెరికాదే. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో మనిషిని ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దింపకూడదని 1886 నాటి చట్టం ఉంది. జరిమానా పడుతుంది కాబట్టి ఓడ వాళ్లు ససేమిరా అంటారు. వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌కే తిరిగొచ్చే క్రూజ్‌కు ఈ చిక్కు ఉండదు. ఒకవైపు క్రూజ్‌లో మొదటి రేవు తప్పితే మొత్తం తప్పినట్టే. అంటే సుమారు 3 లక్షల రూపాయల టికెట్టు నీళ్లపాలు. దీనికి మందు ఇంకో రాత్రి హోటలు. జూన్‌లో వాంకూవర్ డౌన్‌టౌన్‌లో పన్నులతో కలిపి 475 కెనడా డాలర్లు వేసుకోండి, దాదాపు 31 వేలు. గోల్డ్ తేడాలో నాలుగో వంతు. అంటే రైలు దిగిన రాత్రి, ఆ మర్నాటి రాత్రి రెండూ అక్కడే ఉండి మూడో రోజు ఓడెక్కుతారు. బుక్ చేసేటప్పుడు ఓడ తేదీ ముందు ఖాయం చేసి, రైలు దిగే తేదీ దానికి రెండు రాత్రుల ముందు ఉండేలా చూసుకోండి. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ వాంకూవర్‌లోని కెనడా ప్లేస్ రేవులోనే అయిపోతుంది. రెండు మూడు ఓడలు బయల్దేరే రోజున ఆ క్యూ చాలా పొడుగు, మధ్యాహ్నానికల్లా అక్కడ ఉండండి.

మొత్తం ఖర్చు నా అంచనా ఇది. హైదరాబాద్ నుంచి కాల్గరీకి, తిరుగు సియాటిల్ నుంచి, ఇద్దరికీ విమానాలు 2.8 లక్షలు. రైలు 3.28, క్రూజ్ 3.06, ఓడ సిబ్బందికి మనిషికి రోజుకు 17 అమెరికా డాలర్ల లెక్కన టిప్పులు 21 వేలు. వాంకూవర్ రెండు రాత్రులు 62 వేలు. రైలు బాన్ఫ్‌లో పొద్దున్నే బయల్దేరుతుంది, కాల్గరీ నుంచి అక్కడికి 130 కిలోమీటర్ల దూరం, కాబట్టి ముందు రాత్రి అక్కడే గది, 26 వేలు. యాంకరేజ్ నుంచి సియాటిల్ విమానం 45 వేలు. కెనడా వీసాకు మనిషికి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్ 85, ఇద్దరికీ 24 వేలు. ఇన్సూరెన్స్ 25 వేలు, బస్సులు, రాత్రి భోజనాలు, చిల్లర 80 వేలు. అన్నీ కలిపి 12 లక్షలకు కాస్త లోపు. గోల్డ్ అయితే 13.2.

ఈ 12 ఎక్కడి నుంచి? జనవరిలో వచ్చే ఎఫ్‌డీ 5 లక్షలు. సేవింగ్స్ నుంచి 3, అందులో లక్ష ఉంచండి. అక్టోబరు నుంచి మే దాకా నెలకు 25 వేలు పక్కన పెడితే 2. మిగతా 2 లక్షలకు 8 లక్షల ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని తాకట్టుగా పెట్టుకుని బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి. చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ వడ్డీకి ఒక శాతం కలిపి ఇస్తారు, మీ ఎఫ్‌డీ 7 శాతానిదైతే 8 శాతం. వాడుకున్న రోజులకే వడ్డీ. నెలకు 25 వేలు కడుతూ, నవంబరులో ఎఫ్‌డీ మెచ్యూర్ అయినప్పుడు మిగిలిన బాకీ అందులోంచి తీరిస్తే వడ్డీ సుమారు 6 వేలు. అదే ఎఫ్‌డీని రద్దు చేస్తే, రెండేళ్లు నడిచిన 8 లక్షల మీద ఒక శాతం పెనాల్టీ అంటేనే 16 వేలు పోతాయి. సీనియర్ సిటిజన్ స్కీము జోలికి పోకండి. మూడు నెలలకోసారి వచ్చే ఆ వడ్డీ ఆగిపోతుంది, గడువుకు ముందు తీస్తే కోత కూడా పడుతుంది. మీరు ఓడలో ఉన్న రోజుల్లో సైతం ఎఫ్‌డీలో 6 లక్షలు, ఖాతాలో లక్ష తీసుకోవడానికి వీలుగా ఉంటాయి. మీ వయసుకు ఆస్పత్రి అవసరాల కోసం ఆ ఏడు లక్షల కంటే తగ్గనివ్వను.

నో కాస్ట్ ఈఎంఐ పేరు చూసి మోసపోకండి. వడ్డీని ముందే ధరలో డిస్కౌంటుగా తగ్గించి, తర్వాత వడ్డీగా వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే. ఒకేసారి కడితే తగ్గింపు ఎంత ఇస్తారో అడిగి చూడండి, అసలు వడ్డీ ఎంతో బయటపడుతుంది.

ట్రావెల్స్ వాళ్లు రైలు, హోటలు, ఓడ కలిపి ప్యాకేజీగా అమ్మితే బిల్లు మీద 5 శాతం జీఎస్టీ, అదనంగా టీసీఎస్ (అమ్మేవాళ్లే మీ దగ్గర ముందుగా వసూలు చేసి మీ పేరున కట్టే ఆదాయపన్ను) పడతాయి. 2025-26లో 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉన్న ప్యాకేజీ టీసీఎస్‌ను 2026 ఏప్రిల్ నుంచి మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతం చేశారు. 7 లక్షల ప్యాకేజీ అయితే జీఎస్టీ 35 వేలు పోయినట్టే, టీసీఎస్ 14 వేలు మాత్రం తిరిగొస్తుంది. ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది, రిటర్నులో పన్నుకు సర్దుబాటు చేసుకోండి, లేదా రిఫండు తీసుకోండి. బిల్లు ఎవరి పాన్ మీద వేస్తున్నారో ముందే చూసుకోండి. రిటర్ను వేయని మీ ఆవిడ పేరున వేస్తే ఆ డబ్బు కోసం ఆవిడ కొత్తగా రిటర్ను వేయాలి.

మీకు ఇంతకంటే చవక దారి ఉంది. రైలు, హోటళ్లు మీ అమ్మాయి కెనడా కార్డుతో నేరుగా కట్టేయమనండి, మీరు బ్యాంకు ద్వారా ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద అమ్మాయికి పంపండి. ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 10 లక్షల దాకా ఈ పంపకం మీద టీసీఎస్ లేదు. ఫారంలో పంపే కారణం ఉన్నదున్నట్టు రాయండి. అదే ఇక్కడి మామూలు క్రెడిట్ కార్డుతో కడితే ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో కట్టినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, కలిపి 4.13 శాతం. రైలు టికెట్టు ఒక్కదానికే 13,500 పైచిలుకు. అక్కడ షాపులో మెషీన్ ‘రూపాయల్లో కడతారా’ అని అడిగితే వద్దని, డాలర్లలోనే కట్టండి. ఆ రూపాయి రేటులో వాళ్ల లాభం కలిపేసి ఉంటుంది.

ఇన్సూరెన్స్ కాగితంలో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి, ‘మిస్డ్ కనెక్షన్’. చాలా పాలసీల్లో ఇది విమానానికి విమానం తప్పితేనే వర్తిస్తుంది, రైలు ఆలస్యమై ఓడ తప్పితే రూపాయి ఇవ్వరు. క్రూజ్ కవర్ విడిగా ఉందా, అందులో రైలును రవాణా సాధనంగా లెక్కిస్తారా అని మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. రెండు, ముందునుంచే ఉన్న జబ్బులు. ఆవిడ మోకాళ్లు, మీ బీపీ, షుగరు ఏవున్నా ఫారంలో దాచకుండా రాయండి. ఓడ మీద నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే బిల్లు లక్షల్లో ఉంటుంది, ఇక్కడి హెల్త్ పాలసీ అక్కడ చాలావరకు పనిచేయదు. లక్ష డాలర్ల కవరుకు తగ్గకండి. సమ్మె నోటీసు బయటికొచ్చాక కొన్న పాలసీ ఆ సమ్మెకు సాధారణంగా వర్తించదు కాబట్టి, మొదటి అడ్వాన్సు కట్టిన వారంలోనే పాలసీ తీసుకోండి.

క్రూజ్‌కు సాధారణంగా మూడు నెలల ముందు, అంటే మీకు మార్చిలో, పూర్తి సొమ్ము కట్టాలి. ఆ తర్వాత రద్దు చేస్తే కోత దశలవారీగా పెరిగి చివరి వారాల్లో నూరు శాతానికి చేరుతుంది. కాబట్టి కెనడా వీసాకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. వీసా పాస్‌పోర్టులో పడేదాకా తిరిగిరాని టికెట్టు ఏదీ కొనకండి. ఓడ, రైలు అడ్వాన్సులు కట్టేముందు రద్దు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. సీవార్డ్‌లో దిగిన రోజు యాంకరేజ్ విమానం మధ్యాహ్నం రెండు దాటాకే పెట్టుకోండి, రోడ్డు మీదే 200 కిలోమీటర్లు రావాలి. శాకాహారమైతే రైలు బుకింగ్‌లోనే రాయించండి. పెద్ద పెట్టెలు రైల్లో మీ దగ్గర ఉండవు, నేరుగా కామ్లూప్స్ హోటలుకు పోతాయి. ఆవిడ మందులు, ఒక స్వెట్టరు, పాస్‌పోర్టులు చేతిసంచిలోనే పెట్టుకోండి.