తక్కువ తిరిగిన పెర్ఫార్మెన్స్ టైర్లు మూడేళ్లకే ఎందుకు నెర్రెలు బారతాయి?

మూడేళ్ల కిందట వేయించిన పెర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్లు (పట్టు కోసం మెత్తని రబ్బరుతో చేసినవి) తొమ్మిది వేల కిలోమీటర్లే తిరిగాయనీ, ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) లోతు ఇంకా ఆరు మిల్లీమీటర్లు ఉందనీ, అయినా గాడుల అడుగునా సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీదా సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయనీ, ఇది తయారీ లోపమో కాదో, ఇంకా నడపవచ్చో లేదో చెప్పమనీ మీరు అడిగారు. గాడుల అడుగున ఉన్న వెంట్రుకవాసి పగుళ్లు వెంటనే భయపడవలసినవి కావు. సైడ్‌వాల్ మీది పగుళ్లను మాత్రం ఈ వారంలోనే చక్రం పైకెత్తి, లోపలివైపు కూడా చూడాలి. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం, ట్రెడ్‌ను చూసి టైరు బాగుందనుకునే పొరపాటు నేను నాలుగేళ్లపాటు చేశాను.

వారాంతాల్లో మాత్రమే బయటకు తీసే నా రెండు సీట్ల కారుకు 2018 చివర్లో నాలుగు కొత్త టైర్లు వేయించాను. నాలుగేళ్లలో అవి పదకొండు వేల కిలోమీటర్లే తిరిగాయి, ట్రెడ్ నిండుగా ఉంది, కాబట్టి అవి కొత్తవాటితో సమానమేనని నమ్మాను. 2022లో ఒక వానరోజున, అంతకుముందు ఎన్నోసార్లు అదే వేగంతో తిరిగిన మలుపులో వెనక చక్రాలు ఒక్కసారిగా పక్కకు జారాయి. జారే కారును తనంతట తానే అదుపు చేసే స్టెబిలిటీ కంట్రోల్ వ్యవస్థ అందుకోవడంతో కారు దారి తప్పలేదు. ఇంటికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, కారు బరువుకు టైరు ఉబ్బే చోట, రిమ్ముకు కాస్త పైన, సైడ్‌వాల్ చుట్టూ పగుళ్లు వరుస కట్టి ఉన్నాయి. గాడుల అడుగు ఎండిన చెరువు మట్టిలా ఉంది. గోరుతో నొక్కితే కొత్తలో మెత్తగా లోపలికి దిగిన ట్రెడ్ దిమ్మె ఇప్పుడు చెక్కలా నిలబడింది. అప్పుడు మొదటిసారి సైడ్‌వాల్ మీది తయారీ తేదీ చదివాను. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారాన్నీ, చివరి రెండూ సంవత్సరాన్నీ చెబుతాయి. నా టైర్ల మీద 2516 అని ఉంది, అంటే 2016లో 25వ వారం. నేను కొత్తవని కొన్న రోజుకే వాటికి దాదాపు రెండున్నరేళ్లు. ఆ రెండున్నరేళ్లూ అవి ఎక్కడ, ఎలాంటి చోట ఉన్నాయో దుకాణంవారు చెప్పలేదు, నేను అడగలేదు.

పగుళ్లకు మూలం గాలిలోని ఓజోన్. సహజ రబ్బరులోనూ, టైర్లలో వాడే కృత్రిమ రబ్బర్లలో ఎక్కువ వాటిలోనూ కార్బన్ గొలుసుల మధ్య ద్విబంధాలు ఉంటాయి. ఓజోన్ సరిగ్గా ఆ ద్విబంధాల దగ్గర గొలుసును తెంపుతుంది. అయితే రబ్బరు సాగి ఉన్న చోటనే ఆ తెగుడు పగులుగా విచ్చుకుంటుంది, అదీ సాగదీత దిశకు అడ్డంగా. దీన్ని స్వయంగా చూడాలని ఒక రబ్బరు బ్యాండును చిన్న పలక చుట్టూ బిగించి, మరొకదాన్ని వదులుగా దాని పక్కనే పెట్టి కొన్ని వారాలు ఆరుబయట వదిలేశాను. బిగించినది అడ్డంగా నెర్రెలు బారింది, వదులుగా ఉన్నది రంగు మాత్రమే మారింది. టైరులో పగుళ్లు గాడుల అడుగున, సైడ్‌వాల్ ఉబ్బే చోట ముందుగా ఎందుకు వస్తాయో ఆ రెండు బ్యాండులను చూశాక నాకు పూర్తిగా అర్థమైంది. గాలి తక్కువగా ఉన్న టైరుతో కారును నెలలపాటు కదపకుండా నిలిపితే సైడ్‌వాల్‌ను ఒకే చోట సాగదీసి ఓజోన్‌కు అప్పగించినట్లే అవుతుంది.

దీన్ని అడ్డుకోవడానికి తయారీదారులు రబ్బరులో రెండు రకాల రక్షణ కలుపుతారు. ఒకటి మైనం, ఇది మెల్లగా పైకి ఊరి పలచని పొరగా నిలుస్తుంది. రెండోది ఓజోన్ నిరోధక రసాయనం, వీటిలో బాగా వాడుకలో ఉన్నది 6పీపీడీ. ఇది ఓజోన్‌తో తానే ముందుగా చర్యకు దిగి రబ్బరు గొలుసులను కాపాడుతుంది. (ఆ చర్యలో పుట్టే ఒక పదార్థం వాననీటితో వాగుల్లో చేరి కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో అమెరికా పరిశోధకులు గుర్తించారు, అందుకే దీనికి ప్రత్యామ్నాయం కోసం వెతుకులాట సాగుతోంది.) టైరు తిరుగుతూ, వంగుతూ, వేడెక్కుతూ ఉంటే లోపలి రక్షణ పైకి వస్తూనే ఉంటుంది. నిలిచిన కారులో ఈ ఊట మందగిస్తుంది, పైనున్న రక్షణ ఖర్చయిపోతుంది. రోజూ తిరిగే మామూలు కారు టైరు కంటే ముద్దుగా దాచుకున్న స్పోర్ట్స్ కారు టైరు ముందే పగలడం చూసి ఆశ్చర్యపోయేవారికి నేను చెప్పే మొదటి కారణం ఇదే. పైగా సైడ్‌వాల్ మీద కనిపించే గోధుమరంగు మరక ఈ రక్షక రసాయనం పైకి వచ్చిన గుర్తు. నేను దాన్ని మురికి అనుకుని ఘాటైన క్లీనరుతో తోమేవాణ్ణి, ఆపైన పెట్రోలియం ద్రావకం ఉన్న మెరుగు నూనె పూసేవాణ్ణి. ఆ మెరుపు కోసం టైరు తనను తాను కప్పుకున్న మైనాన్ని నా చేత్తోనే కడిగేశానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రబ్బరు లోపల ఆక్సిజన్ వల్ల జరిగే ముదరడం ఇంకో సంగతి. చక్రంలో నింపిన గాలి ఒత్తిడికి ఆక్సిజన్ లోపలి పొర గుండా మెల్లగా చొచ్చుకుపోయి, సంవత్సరాల తరబడి రబ్బరును గట్టిపరుస్తుంది. వేడి దీన్ని బాగా వేగిరపరుస్తుంది. పెర్ఫార్మెన్స్ టైర్ల ట్రెడ్ పట్టు కోసం మెత్తగా చేసినది కావడం వల్ల ఆ మార్పు చేతికీ స్టీరింగుకీ త్వరగా తెలుస్తుంది. రేసు ట్రాక్ మీద ఒకసారి బాగా కాగి చల్లారిన ప్రతిసారీ అది మరికాస్త బిగుసుకుంటుంది. గడ్డకట్టే చలిలో ఈ మెత్తని మిశ్రమాలు పెళుసుబారతాయి. ఆ స్థితిలో కారును కదిపితే ఒక్కరోజులోనే ట్రెడ్ దిమ్మెల మీద లోతైన పగుళ్లు రావచ్చు, ఇది వయసుతో వచ్చే పగులు కాదు. మీ కారు చలికాలంలో ఆరుబయట ఉండి ఉంటే ఈ అవకాశాన్ని కూడా చూడండి.

ఇక తయారీ లోపమా అన్న ప్రశ్న. నాలుగు టైర్లకూ పగుళ్లు ఒకేలా ఉంటే నిల్వనూ వాడకాన్నీ అనుమానిస్తాను. ఎండ పడే పక్కనే ఎక్కువగా ఉంటే ఎండనూ వేడినీ అనుమానిస్తాను. ఒకే తేదీ, ఒకే వాడకం ఉన్న నాలుగింటిలో ఒక్కటి మాత్రమే పగిలితే అప్పుడు తేదీ అంకెలతో సహా ఫొటోలు, బిల్లు పట్టుకుని అమ్మినవారిని అడగడం న్యాయం.

నడపవచ్చా లేదా అన్నది పగులు ఉందా లేదా అన్నదాని కంటే అది ఎక్కడుంది, ఎంత లోతుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. గాడి అడుగున గోరు తగలనంత సన్నగా ఉన్నవాటిని నేను గమనిస్తూ నడుపుతాను, వేగం మాత్రం తగ్గిస్తాను. సైడ్‌వాల్ మీద గోరు ఆగేంత లోతున్న పగులు ఉన్నా, ట్రెడ్ అంచు వెంబడి చుట్టూ పాకే గీత ఉన్నా, ఎక్కడైనా బుడిపె లేచినా, రబ్బరు లోపలి దారాలు కనిపించినా ఆ టైరు మీద కారును రోడ్డెక్కించను. లోపల ఉక్కు పట్టీల అంచు విడిపోతున్నప్పుడు బయటికి కనిపించే మొదటి సూచనల్లో ఆ చుట్టుగీత ఒకటి. సస్పెన్షన్ వైపు తిరిగి ఉండే లోపలి సైడ్‌వాల్‌ను చాలామంది ఎప్పుడూ చూడరు, నా టైర్లలో అతి లోతైన పగులు అక్కడే దొరికింది.

వయసు విషయంలో, అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుల చేత పరీక్ష చేయించాలనీ, పదేళ్లు నిండాక చూడటానికి ఎలా ఉన్నా తీసేయాలనీ కొన్ని టైరు కంపెనీలు చెబుతాయి. కొన్ని కార్ల తయారీదారులు ఆరేళ్లకే మార్చమంటారు. వేగంగా నడిపే కారుకు ఆ ఆరేళ్ల లెక్కే సరైనదని నా అభిప్రాయం. 2013 నవంబరులో కాలిఫోర్నియాలో ఇద్దరిని బలిగొన్న పోర్షే కరెరా జీటీ ప్రమాదంలో కారణం మితిమీరిన వేగమేనని దర్యాప్తు తేల్చింది. అయితే ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా అందులో నమోదైంది.

కొత్త టైర్లకు నేను చేస్తున్నది ఎక్కువేమీ కాదు. బిగించక ముందే తేదీ చదువుతాను. నెలకోసారి టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూస్తాను, ఎందుకంటే వాడినా వాడకపోయినా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతూనే ఉంటుంది. పది రోజులకోసారి టైర్లు వేడెక్కేంత దూరం నడుపుతాను. సబ్బునీళ్లు తప్ప మరేదీ తాకనివ్వను. నెలల తరబడి తీసి ఉంచవలసివస్తే కడిగి, ఆరబెట్టి, వెలుతురు చొరని సంచిలో కట్టి, చల్లని చీకటి గదిలో పెడతాను. నిప్పురవ్వలు రాల్చే మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు ఓజోన్‌ను పుట్టిస్తాయి కాబట్టి వాటి దగ్గర ఉంచను.

మీ టైర్ల సైడ్‌వాల్ పగుళ్లలో గోరు ఆగితే ఆ టైర్లను మార్చాకే కారును రోడ్డెక్కించండి. గోరు ఆగకపోతే, సుద్దముక్కతో ఒక చోట గుర్తు పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఈరోజే ఫొటో తీయండి, నెల తిరిగాక అదే చోట అదే వెలుతురులో మరో ఫొటో తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.