ముంబైలో గది అద్దె దగ్గర పొదుపు వద్దు

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నాన్న నిరుడు ఉద్యోగ విరమణ చేశారు. అమ్మకు 58 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ చెన్నై, బెంగళూరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. సంక్రాంతి ఇంట్లోనే చేసుకుని, కనుమ మర్నాడు బయలుదేరి వాళ్లకు ముంబై చూపించాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. అక్కడ నాలుగు రోజులు ఉంటాం. రానుపోను ఖర్చులతో కలిపి నలుగురికి నలభై వేలు మించితే నా వల్ల కాదు. వసాయ్ వైపు గది తీసుకుంటే సగం అద్దెకే వస్తుందని స్నేహితులు చెబుతున్నారు. మా డబ్బుకు ఆ ఊరు అందుతుందా?

జవాబు: అందుతుంది. మీ స్నేహితుల మాట మాత్రం వినకండి.

మా ఇల్లు తిరుపతి బస్టాండుకు దగ్గర. అద్దె తక్కువని ఊరికి దూరంగా దిగిన యాత్రికులను ఏళ్ల తరబడి చూస్తున్నాను. పొద్దున ఆటో, రాత్రి ఆటో, మధ్యలో ముసలివాళ్లు నడుం వాల్చడానికి చోటుండదు. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసంలోనో, బస్టాండు ఎదురుగా శ్రీనివాసంలోనో గది దొరికినవాళ్లు మధ్యాహ్నం ఒక కునుకు తీసి, సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి తీరిగ్గా నడిచి వెళ్తారు. ముంబైలో ఈ తేడా మరీ ఎక్కువ. ఊరికి ఉత్తరాన ఉన్న వసాయ్ నుంచి దక్షిణపు కొసన ఉన్న చర్చ్‌గేట్‌కు లోకల్ రైల్లోనే గంటకు పైగా పడుతుంది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా జనమంతా దక్షిణానికి పోతారు, సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా అంతా ఉత్తరానికి తిరిగొస్తారు. మీరూ సరిగ్గా ఆ వేళకే, ఆ దిక్కుకే ప్రయాణం చేయాల్సి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను ఆ తొక్కిసలాటలోకి తీసుకెళ్లకండి. అద్దెలో మిగిలిన డబ్బు రెండో రోజుకల్లా టాక్సీలకు పోతుంది.

గదులు దాదర్‌లో చూడండి. పశ్చిమ, మధ్య రైల్వే లోకల్ మార్గాలు రెండూ అక్కడ కలుస్తాయి. దానికి తోడు 2025 అక్టోబరు నుంచి ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా భూగర్భ మెట్రో పూర్తిగా నడుస్తోంది. దాదర్, సిద్ధివినాయక్, మహాలక్ష్మి, ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్, చర్చ్‌గేట్ అన్నీ ఆ మార్గంలోనే ఉన్నాయి. లిఫ్టులున్నాయి, ఏసీ ఉంది, టికెట్ పది రూపాయల నుంచి మొదలవుతుంది. మీ అమ్మగారి విషయంలో నాకు పెద్ద ధైర్యం ఈ మెట్రోయే. మీ నలభై వేలలో సగానికి దగ్గరగా రెండు గదులకే పక్కన పెట్టండి. మిగతా చోట్ల ఎలా తగ్గించుకోవాలో చెబుతాను.

ముందు రైలు. చెన్నై–ముంబై రైళ్లు రేణిగుంట మీదుగానే పోతాయి. ప్రయాణం ఇరవై గంటలకు పైమాటే. జనవరి కాబట్టి స్లీపర్‌లో హాయిగా వెళ్లవచ్చు. థర్డ్ ఏసీ ఛార్జీ రెండున్నర రెట్లు అవుతుంది, ఆ తేడా మీకు ముంబైలో పనికొస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే మీరు నవంబరు మూడో వారంలో సిద్ధంగా ఉండాలి. పండుగ రోజుల రద్దీలో రెండు రోజులు ఆలస్యమైనా వెయిటింగ్ లిస్టే గతి. అమ్మానాన్నలకు టికెట్ విడిగా తీయండి. 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు కింది బెర్తుల కోటా ఉంది. ఒక టికెట్‌పై ఇద్దరికి మించకపోతేనే అది వర్తిస్తుంది. నలుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ అవకాశం పోతుంది. పెద్దవాళ్ల ఛార్జీ రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు, దాన్ని లెక్కలో వేసుకోకండి. దారికి పులిహోర, చపాతీలు కట్టుకెళ్లండి.

తిండికి మాటుంగా వెళ్లండి. దాదర్ తర్వాతి స్టేషనే. దక్షిణాదివాళ్లు తరతరాలుగా స్థిరపడిన పేట అది. అరటాకులో అన్నం, సాంబారు, రసం, మజ్జిగ దొరుకుతాయి. స్టేషన్ ఎదుటే 1942 నుంచి నడుస్తున్న రామనాయక్ ఉడుపి భోజనశాల ఉంది. రెండు రోజులు రొట్టెలు తిన్నాక నాన్నగారు అన్నం కోసం మొహం వాచి ఉంటారు, ఆ పూట అక్కడికి తీసుకెళ్లండి. ఉదయం, సాయంత్రం వడాపావ్, కటింగ్ చాయ్ అనే అరగ్లాసు టీతో గడిచిపోతుంది.

లోకల్ రైలు ఎక్కకుండా ముంబై చూశామని అనుకోవద్దు. కానీ పొద్దున పదకొండున్నర తర్వాతే ఎక్కండి. ప్లాట్‌ఫారంపై వేలాడే బోర్డులో ఎస్ అని ఉంటే అన్ని స్టేషన్లలో ఆగే స్లో రైలు, ఎఫ్ అని ఉంటే ఫాస్ట్. మీకు స్లో రైలే మేలు. రైలు ఆగేది కొన్ని సెకన్లే. అందుకే దిగాల్సిన స్టేషన్‌కు ఒక స్టేషన్ ముందే లేచి తలుపు దగ్గరికి రావాలి, ప్లాట్‌ఫారం ఏ వైపు వస్తుందో పక్కవాళ్లను అడగాలి. అడిగితే విసుక్కోరు, చెయ్యి పట్టి దించుతారు కూడా. సెకండ్ క్లాసు టికెట్ ఐదు రూపాయల నుంచి ఉంటుంది. రోజుకు నాలుగైదుసార్లు ఎక్కి దిగే పనైతే ఒకటి, మూడు, ఐదు రోజుల టూరిస్ట్ టికెట్లు కౌంటర్‌లో ఇస్తారు. ఆదివారం మాత్రం మరమ్మతుల కోసం మెగా బ్లాక్ పెట్టి రైళ్లు తగ్గిస్తారు, ఆ రోజు మెట్రోనే నమ్ముకోండి.

చూడాల్సినవాటిలో నేను దేన్నీ తగ్గించుకోమనను గానీ, దీవిలో ఉన్న ఎలిఫెంటా గుహలకు మాత్రం ఒక పూర్తి పూట ఇవ్వండి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పడవ ఎక్కితే గంట ప్రయాణం. సోమవారం సెలవు. పడవ ఛార్జీ కాక గుహల ప్రవేశానికి భారతీయులకు 40 రూపాయలు. రేవు నుంచి కొంత దూరం చిన్న రైలుంది, ఆ తర్వాత వందకు పైగా మెట్లు. అమ్మగారు ఎక్కలేకపోతే కుర్చీలో మోసుకెళ్లేవాళ్లుంటారు, బేరం కిందే తేల్చుకోండి. ఈ ఖర్చుకు వెనకాడకండి. లోపల చీకటి కాస్త కళ్లకు అలవాటయ్యేదాకా ఆగితే, ఆరు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున సదాశివుడి మూడు ముఖాలు నెమ్మదిగా తేలతాయి. మన ఎడమ వైపు ముఖంలో రౌద్రం, చేతిలో పాము. కుడి వైపు ముఖంలో సౌమ్యం, చేతిలో తామర మొగ్గ. నడిమి ముఖం కళ్లు మూసుకుని తనలో తాను ఉంటుంది. అమ్మానాన్నలను అక్కడ తొందరపెట్టకండి. మిగతావాళ్లు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయేదాకా పక్కన నిలబెట్టండి.

డబ్బు అక్కర్లేనివి చాలానే ఉన్నాయి. 1917 నుంచి 1934 దాకా ముంబైలో గాంధీజీకి మకాంగా ఉన్న మణిభవన్, సాయంత్రపు మెరైన్ డ్రైవ్, రాత్రి దీపాల్లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ భవనం ఏవీ జేబు ముట్టుకోవు. సముద్రంలో ఉన్న హాజీ అలీ దర్గాకు వెళ్లాలంటే సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దారి మునిగిపోతుంది, వేళ కనుక్కుని వెళ్లండి. అలసిన రోజు టాక్సీ పిలవండి. బాంద్రాకు దక్షిణాన ఆటోలు తిరగవు, నలుపు పసుపు టాక్సీలే. మీటరు వేయమని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మేము తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. మే నెలలో పిల్లలతో ముంబై వెళ్లి సినిమా తారల ఇళ్లు చూపించాలని ఉంది. టాక్సీవాళ్లు ఎంత అడుగుతారు?

జవాబు: ఎంత అడిగినా ఇవ్వవద్దు. మూసిన గేటు, దాని ముందు జనం తప్ప పిల్లలకు ఏమీ కనబడదు. ఆ డబ్బుతో వర్లీలోని నెహ్రూ సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి, చేత్తో ముట్టుకుని నడిపించే ప్రయోగాలతో పూట తెలియకుండా గడుస్తుంది. బైకుల్లా జంతుశాలలో పెంగ్విన్లున్నాయి, బుధవారం సెలవు. మే నెల మాత్రం మార్చుకోండి. ఎండ మన తిరుపతి ఎండంత ఉండదు కానీ చెమటకు పిల్లలు నీరసించిపోతారు. జూన్‌లోనైతే వానలు మొదలై పడవలు నిలిపేస్తారు. డిసెంబరు, జనవరి బాగుంటాయి.

ప్రశ్న: నాది పుత్తూరు. ఉద్యోగం ఇంటర్వ్యూకు ముంబై ఒంటరిగా వెళ్తున్నాను. ఒక్క రాత్రి ఉండాలి. లాడ్జిలో ఉండాలంటే ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు: అమ్మా, నీ రైలు టికెట్ ఖాయమై ఉంటే దాని పీఎన్‌ఆర్ నంబరుతో స్టేషన్‌లోనే రిటైరింగ్ రూము బుక్ చేసుకోవచ్చు. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఉన్నాయి. టికెట్ దొరికిన రోజే దాన్నీ చూసుకో. స్టేషన్ ఆవరణ దాటకుండానే స్నానం చేసి తయారవుతావు, ఇంట్లోవాళ్లకూ నిశ్చింత. లోకల్‌లో ఆడవాళ్ల పెట్టె ఎక్కు. పొద్దున నువ్వు వెళ్లేది ఉత్తరానికైతే రద్దీ నీకు ఎదురుగా పోతుంది కాబట్టి కూర్చునే చోటు కూడా దొరకవచ్చు.

ఇంకొక్క మాట. అక్కడి స్టేషన్లకు తూర్పు, పడమర అని రెండు వైపులుంటాయి. అంధేరీ ఈస్ట్ ఆఫీసుకు అంధేరీ వెస్ట్‌లో దిగితే వంతెన ఎక్కి దిగి, ఆ జనంలో దారి వెతుక్కునేసరికి అరగంట పోతుంది. నీకు పిలుపు పంపినవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి ఏ స్టేషన్, ఏ వైపు అని అడిగి కాగితం మీద రాసుకో.