పెళ్లి భోజనం త్వరగా ముగియాలంటే వంట కన్నా వడ్డన ముఖ్యం

300 మంది వచ్చే పెళ్లికి, కూర్చోబెట్టి వడ్డించే తతంగం లేకుండా, అందరికీ త్వరగా భోజనం పెట్టేయాలంటే ఏది మేలు అని అడిగారు. రెండు ఫుడ్ ట్రక్కులు మాట్లాడుకుందామని మనసులో దాదాపు నిర్ణయించుకున్నట్లే ఉంది మీ ప్రశ్న. వద్దండి. ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి.

ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లిలో కళ్లారా చూశాను.

ఆరుబయట పెళ్లి. పచ్చిక మీద రెండు బండ్లు, వాటి చుట్టూ చిన్న చిన్న దీపాల తోరణాలు, నల్లబల్ల మీద సుద్దముక్కతో అందంగా రాసిన వంటకాల పట్టిక. వచ్చినవారంతా ముందు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. తంతు ముగిసిన ఐదు నిమిషాలకు అదే జనం ఆ రెండు కిటికీల ముందు గుమిగూడారు.

కిటికీలో ఉన్న కుర్రవాడు మహా మర్యాదస్తుడు. కొంప ముంచింది ఆ మర్యాదే. వచ్చిన ప్రతివారినీ "ఉల్లిపాయలు వేయమంటారా? కారం ఎక్కువా, తక్కువా? సాస్ పైన పోయాలా, పక్కన పెట్టాలా?" అని అడుగుతున్నాడు. అడిగితే ఎవరు మాత్రం ఊరికే ఉంటారు? వెనక్కి తిరిగి, దూరంగా ఉన్న భర్తను కేకేసి ఉల్లిపాయల సంగతి తేల్చుకున్న ఆవిడను నేను చూశాను. ఆయనకు పాటల హోరులో వినపడలేదు. ఆవిడ ఆయన దగ్గరికి వెళ్లి అడిగి వచ్చింది. అందాకా కిటికీ ఆగిపోయింది. (వరుస పక్కనే స్పీకర్లు పెట్టే మహానుభావులకు ఒక దండం.)

లోపల పెనం సంగతి ఇంకా విచిత్రం. దాని మీద ఒకసారికి పన్నెండు మందికి కావలసినవి వేయవచ్చు. కానీ అడిగిన తరువాతే వేయడం అతని పద్ధతి కాబట్టి ఎప్పుడు తొంగిచూసినా మూడో నాలుగో వేగుతుండేవి. మిగతా పెనమంతా ఖాళీగా కాగుతూ ఉండేది. బయట అంతమంది ఆకలితో నకనకలాడుతుంటే లోపల ముప్పాతిక పెనం ఊరికే మండుతోందన్నమాట.

పైగా, వరుస చూస్తే పొడవుగా లేదు. అయినా కదలదు. ఎందుకంటే అందులో నిలబడిన ఒక్కొక్కరూ ఒక్కో కుటుంబం తరఫున వచ్చినవారే. కిటికీ దగ్గరికి చేరగానే "ఎనిమిది ఇవ్వండి" అంటారు. ఎనిమిదింటికీ ఎనిమిది రకాల కోరికలు. అవన్నీ మోయడానికి ఇద్దరు పిల్లలు వరుసను చీల్చుకుంటూ ముందుకు వస్తారు. వెనకున్నవారు వాళ్లు మధ్యలో దూరుతున్నారనుకుని తగువుకు దిగుతారు. మా బాబాయికి షుగరు, వేళకు తినాలి. ఆయన జనరేటరు పక్కన కుర్చీలో కూలబడి, ఎవరో పిల్లవాడిని అడిగి తీసుకున్న చాక్లెట్టు చప్పరిస్తున్నారు. అమ్మాయి తండ్రి ఆ దారిన పోతూ చూసి, ముఖం తిప్పుకుని వెళ్లిపోయారు. ఆయన మాత్రం ఏం చేస్తారు?

మా మేనత్త ఒక కాలేజీ హాస్టలు వంటగదిని ఏళ్ల తరబడి నడిపిన మనిషి. కాసేపు ఓపికపట్టి చూసింది. తరువాత పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, బండి వెనక తలుపులోంచి లోపలికి ఎక్కింది. "బాబూ, ఇక ఎవరినీ ఏమీ అడగకు. పెనం నిండా వెయ్యి. అన్నీ ఒకే రకంగా చేసి బయట పెట్టు" అంది. దిగి వచ్చి, కానుకలు పేర్చిన పొడవాటి బల్లను ఇద్దరు కుర్రాళ్ల చేత కిటికీ ముందుకు ఈడ్పించింది. కానుకలన్నీ బల్ల కిందికి పోయాయి. ఉల్లిపాయలు ఒక గిన్నెలో, సాస్ ఇంకో గిన్నెలో, కారం మరో గిన్నెలో పోయించి బల్ల చివర పెట్టించింది. ఎవరికి కావలసింది వారు వేసుకుంటారు. రెండో బండి దగ్గరా అదే తంతు. బండి యజమాని ముఖం మాడ్చుకున్నాడు. అడిగినట్లు అప్పటికప్పుడు చేసి ఇస్తామని బండి మీద గొప్పగా రాయించుకున్నాడు మరి. ఆయన ముఖం సంగతి ఎలా ఉన్నా, అరగంట తిరిగేసరికి కిటికీల ముందు జనం పలచబడ్డారు. వంటవారు వాళ్లే, పెనం అదే, సరుకు అదే.

ఇక లెక్క చూడండి. ఒక కిటికీలో ఒక్కో పళ్లేనికి 45 సెకన్లు పడుతుందనుకుందాం, నేను చూసిన దానితో పోలిస్తే ఇది చాలా ఉదారంగా వేసిన లెక్క. గంటకు 80 పళ్లేలు. రెండు కిటికీలకు 160. మీ 300 మందికి రెండు గంటలకు కాస్త తక్కువ. అంటే మొదట తిన్నవారికి మళ్లీ ఆకలి వేసే వేళకు చివరివారి చేతికి పళ్లెం వస్తుంది. అదే సిద్ధం చేసి ఉంచిన వంటకాలతో బఫే బల్ల వేసి, రెండు వైపుల నుంచీ జనాన్ని వదిలారనుకోండి. ఒక్కో వైపు నుంచి 15 సెకన్లకు ఒకరు బయటపడినా నిమిషానికి ఎనిమిది మంది. 300 మందికి 40 నిమిషాల లోపే. అలాంటి బల్లలు రెండు వేస్తే 20 నిమిషాల లోపు అయిపోతుంది. ఇంతకన్నా చవకగా సమయం కొనే మార్గం లేదు.

"మా దగ్గర రద్దీ రోజుల్లో కూడా ఎవరూ పది నిమిషాలకు మించి ఆగరండీ" అని బండివారు అంటారు. వారు చెప్పేది నిజమే, వారి వీధిలో. 1909లోనే ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఉంటూ ఫోన్ కాల్స్ రద్దీ మీద ఒక పత్రం రాశాడు. క్యూల శాస్త్రానికి అక్కడే పునాది పడింది. అయితే ఆ కాల్స్ ఎవరికి తోచినప్పుడు వారు చేసేవి. వీధిలో బండి దగ్గరికి వచ్చేవారూ అంతే, చెదురుమదురుగా వస్తారు. పెళ్లివారు అలా రారు. 300 మందీ ఒకే నిమిషంలో లేస్తారు. కాబట్టి సగటు రోజు లెక్క మీకు పనికిరాదు, ఆనకట్ట గేటు ఎత్తిన రోజు లెక్క కావాలి.

బఫే అన్నానని ఏదో ఒక బల్ల వేయించి చేతులు దులుపుకోకండి. ముందుగా అలంకరణవారిని అదుపులో పెట్టుకోండి. వారికి బల్లను గోడకు ఆనించడం ఇష్టం, ఫొటోలో బాగుంటుందట. గోడకు ఆనించిన క్షణమే మీ వడ్డన వేగం సగానికి సగం పడిపోయింది. ఈ మాట వారికి చెప్పి చూడండి, మిమ్మల్ని రసహీనుల కింద జమకడతారు. ఒక పెళ్లిలో రెండు వైపులా తిరగగలిగే బల్లే వేశారు, కానీ నట్టనడుమ నిలువెత్తు పూలకుండీ పెట్టారు. అటువైపు గిన్నెలున్నాయన్న సంగతే చాలామందికి తెలియలేదు.

పళ్లేలు మొదట, చెంచాలు, కాగితపు రుమాళ్లు చిట్టచివర. మొదటే చెంచా ఇస్తే మనిషికి మిగిలేది ఒకే చెయ్యి, ఆ చేత్తోనే చెంచా పట్టుకుని గరిట కోసం తంటాలు పడతాడు. ప్రతి గిన్నెకూ వైపుకొక గరిట ఉండాలి. అన్నిటికన్నా ఆలస్యమయ్యే గిన్నె ఒకటి ఉంటుంది, సాధారణంగా ముక్కలు ఏరుకునేది. దాని దగ్గర మాత్రం వడ్డించే మనిషిని నిలబెట్టండి. ఏరుకోవడానికి వీల్లేదంటే మొహమాటానికి ముందుకు కదులుతారు. నీళ్లు, పానీయాలు ఈ బల్ల దరిదాపుల్లో కూడా ఉండకూడదు. వేరే చోట, ముందే గ్లాసుల్లో పోసి ఉంచాలి. వంటకాల సంఖ్య తగ్గించమని చెబితే మీ ఇంట్లో యుద్ధమే జరుగుతుందని తెలుసు, అయినా తగ్గించండి. గిన్నె పెరిగిన కొద్దీ ఆలోచన పెరుగుతుంది, ఆలోచించేవాడు నిలబడిపోతాడు. ఏ గిన్నెలో ఏముందో, వేరుశనగలాంటివి పడనివారికి ఏది పనికిరాదో పెద్ద అక్షరాలతో చీటీ పెట్టించండి. లేకపోతే ఆ ప్రశ్నలన్నీ వడ్డించేవారి మీద పడతాయి. పెద్దవారినీ, చంటిపిల్లల తల్లులనూ అసలు వరుసలోకి రానివ్వకండి. ముందే నింపిన పళ్లేలు వారు కూర్చున్న చోటికే పంపించండి. నిలబడి తినేవారికి పళ్లెం ఆనించుకోవడానికి ఎత్తు బల్లలు నాలుగు వేయించండి. ఒక చేతిలో పళ్లెం, ఇంకో చేతిలో గ్లాసు పట్టుకున్న మనిషి ఎలా తింటాడో బఫే కనిపెట్టినవారు ఇప్పటికీ చెప్పలేదు.

ముందే వండి ఉంచితే చల్లారుతుంది కదా అంటారు. నిజమే, ఇక్కడ మాత్రం అశ్రద్ధ పనికిరాదు. వండిన పదార్థాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచవద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బఫే గిన్నెల కింద పెట్టే చిన్న మంట ఉన్న వేడిని నిలబెడుతుందే తప్ప చల్లారినదాన్ని వేడి చేయలేదు. అందుకే పెద్ద గిన్నె ఒకటి పెట్టే బదులు చిన్న గిన్నెలు పెట్టి, ఖాళీ అయ్యేకొద్దీ వేడివేడిగా ఉన్న కొత్త గిన్నెతో మార్చమనండి. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. భోజనం ఆలస్యమైతే నష్టం ఆకలితోనే ఆగిపోదని నేను ఇందుకే అంటాను.

ఆ ఆలస్యానికి సగం కారణం ఫొటోగ్రాఫరు. నా మాట నమ్మండి. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ వధూవరులను, వారితోపాటు దగ్గరి బంధువులందరినీ వేదిక మీద బిగించేస్తాడు. వారు దిగేదాకా భోజనం మొదలుపెట్టడం బాగుండదని మిగతావారు కూర్చుంటారు. ఈలోగా గిన్నెల కింద మంట అయిపోతుంటుంది. తీరా అతనే అందరికన్నా ముందు తినేసి ఉంటాడు. వడ్డన మొదలయ్యే వేళ ముందే ఖాయం చేసి, దాన్ని వంటవారికీ ఫొటోగ్రాఫరుకూ కలిపి చెప్పండి. వేదిక మీద ఎవరున్నా సరే, ఆ వేళకు గిన్నెల మూతలు తీయాల్సిందే.

ఫుడ్ ట్రక్కు మీద అంత మనసుంటే, అడ్వాన్సు కూడా ఇచ్చేసి ఉంటే, ఒకదాన్నే ఉంచుకుని రాత్రి పొద్దుపోయాక రమ్మనండి. ఆటపాటలు అయ్యాక మిగిలిన యాభై అరవై మందికి అది సరిగ్గా సరిపోతుంది. అప్పుడు ఉల్లిపాయల గురించి ఎంతసేపు అడిగినా ఎవరికీ తొందర ఉండదు.

రెండో బండికి పెట్టే డబ్బు వడ్డించే మనుషుల మీద పెట్టండి. క్యాటరింగ్ వారు రుచి చూడమని పిలిచినప్పుడు రుచి చూడండి, పొగడండి. ఆ వెంటనే గంటకు ఎన్ని పళ్లేలు ఇవ్వగలరని అడగండి. "చాలా త్వరగా పెట్టేస్తామండీ" అంటే అది జవాబు కాదు. వంటకు ఎంతమంది, వడ్డనకు ఎంతమంది, గిన్నెలు మార్చడానికి ఎవరు, విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. వండేవారే వడ్డిస్తారు అని చెప్పారంటే, తిన్న ముక్క ఎంత బాగున్నా సరే, ఇంకొకరిని చూసుకోండి.