ఆ స్పిట్‌ఫైర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదువు అల్లుడా

ఒరే అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఒకటే గోల, వాడు కోయంబత్తూరులో ఏదో రెండు సీట్ల పాత కారు చూసినాడంట, 1968 మోడలంట, నువ్వైనా చెప్పన్నా అని. నేను ఊ కొడతా ఉన్నా. ఫోన్ పెట్టేసినాక నవ్వొచ్చింది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3! నా పిచ్చి మనింట్లో ఒకడికైనా అంటుకునిందే అని లోపల సంతోషమే, ఈ మాట మీ అమ్మకి చేరెయ్యొద్దు. కానీ భయం కూడా ఉంది, అందుకే కళ్ళద్దాలు పెట్టుకోని ఇంత పొడుగు టైప్ చేస్తా ఉండా, తప్పులుంటే సర్దుకోని చదువు.

నీ బండి నేనెప్పుడూ నడపలేదు గానీ దాని అన్నని పెట్టుకోని ఆరేళ్ళు సంసారం చేసినా. స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో చేసింది. హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి ఇంగ్లండోళ్ళు స్పిట్‌ఫైర్ కట్టినారు, రెండింటికీ బాడీ గీసింది ఇటలీ ఆయన మికెలోట్టీనే. ముందు చక్రాల కింద సామాన్లు, వెనక అడ్డంగా ఉండే పట్టీ స్ప్రింగు, అంతా ఒకటే జాతి.

పేపర్ల గురించి నీకు నేను చెప్పాల్నా. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో పట్టించి చూడు, మార్క్ 3 అయితే ఎఫ్‌డీ అని మొదలవుతాది. ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకునేదానికి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే కాగితం, అది చేతికి రాకుండా పూర్తి డబ్బులు ఇవ్వొద్దు. 50 ఏళ్ళు దాటిన బండి కాబట్టి 2021 రూల్ ప్రకారం వింటేజ్ కింద వీఏ నంబర్ తీసుకోవచ్చు, కానీ దాంతో రోజూ ఆఫీసుకు పోయేదానికి కుదరదు, షోలకి ర్యాలీలకి అంతే. బెంగుళూరు ట్రాఫిక్‌లో దాంట్లో ఆఫీసుకు పోతానంటే నువ్వు మా అల్లుడివే కాదు.

పెయింట్ చూసి మురిసిపోవద్దు. ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకోని పో, అది అంటుకోకుండా జారిపోయే చోటంతా కింద ఉండేది రేకు కాదు, పుట్టీ. డోరు కింద పొడుగ్గా ఉంటాదే సిల్, దాన్ని ముఖ్యంగా చూడు. హెరాల్డ్‌కి పక్కల్లో ఛాసిస్ కమ్మీలు ఉంటాయి, స్పిట్‌ఫైర్‌కి అవి తీసేసినారు, బరువంతా ఆ సిల్లే మొయ్యాల. అది తుప్పు పట్టిందంటే బండి నడుం కుంగుతాది, డోరు పైన సందు మూసుకుపోతాది. డోరు నాలుగు సార్లు తీసి వేసి చూడు, ఎత్తి వెయ్యాల్సొస్తే టీ తాగేసి వచ్చెయ్.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యమను. నువ్వు వచ్చేలోపల వేడి చేసి పెట్టింటే ఏదో దాస్తాండాడని అర్థం. తర్వాత ఇంజన్ ఆపేసి, ఒకరిని క్లచ్ తొక్కమని నువ్వు ముందర క్రాంక్ పుల్లీ, అదే ఇంజన్ ముందు బెల్టు తిప్పే చక్రం, చూడు. తొక్కినప్పుడల్లా అది కంటికి కనపడేంత ముందుకీ వెనక్కీ జరిగిందంటే లోపల క్రాంక్‌ని అటూ ఇటూ జరగకుండా పట్టే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయినట్టే, అవి జారి పడితే ఇంజన్ బ్లాకే పోతాది.

ఇంక అసలు సంగతి. నీకు ఎవురూ చెప్పుండరు.

1992లో ఆ హెరాల్డ్‌ని 18,000కి కొన్నా. అమ్మినాయన మంచోడే. ఇంజన్ ఎప్పుడూ ఇప్పలేదని కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసినాడు, అది నిజమే కూడా. ముందు చక్రాల గురించి ఆయన ప్రమాణం చెయ్యలేదు, నేను అడగనూ లేదు. ఆ బండికి బానెట్టు మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తాది కదా, చక్రం పక్కనే కూర్చోని అన్నీ చూడొచ్చు. నా కళ్ళ ముందే ఉన్నింది, నేను ఇంజన్ శబ్దం వింటా పరవశించిపోయినా. ముందు చక్రాన్ని పట్టుకునే ఇనప కంబీ కిందికొచ్చి ఒక ఇత్తడి ముక్కలో మరలాగా తిరుగుతాది, దాన్ని ట్రనియన్ అంటారు. దానికి గేర్ ఆయిల్ పొయ్యాల, ఈపీ 90. గ్రీజు కాదు. గ్రీజు గన్ను పట్టింది కదా అని ముందోళ్ళంతా గ్రీజే కొట్టినారు, నేనూ నా మెకానిక్కూ అదే కొట్టినాం, బాగా చూసుకుంటాండామని గర్వం వేరే. గ్రీజు ఎండి గట్టిపడి మరలు లోపల్లోపలే తినేసినాయి.

కొన్న రెండో నెలలో పలమనేరులో పెండ్లి. నేను, ముందు సీట్లో మీ అమ్మ, అప్పుడు దానికి 17 ఏళ్ళు, కొత్త లంగా ఓణీ, ఒళ్ళో తాంబూలం సంచి. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం మొగిలి ఘాట్ దిగినాం, పక్కన లారీలు, నేను ఈల వేసుకుంటా మలుపులు తిప్పతా ఉన్నా. బంగారుపాళెంలో టీ కోసమని స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఆపబోతే ఫట్‌మని ఒక శబ్దం, ముందు ఎడమ చక్రం మడతబడి లోపలికి పోయింది, బండి ముక్కు నేలకి తగిలింది. దెబ్బలేం తగల్లేదు, తమలపాకులు రోడ్డంతా పడినాయి. టీ అంగడి ఆయన వచ్చి విరిగిన ముక్క చూసి, కాసేపు ముందు ఘాట్‌లో విరిగింటే అన్నాడు. మిగతాది అనలేదు.

మీ అమ్మ ఏడవలేదు రా. ఆకులన్నీ ఏరుకోని సంచిలో పెట్టుకోని బస్సెక్కింది. ఇప్పటికీ ఎవరి కారెక్కినా వెనకే కూర్చుంటాది, నువ్వు నీ క్రెటాలో ముందు కూర్చోమ్మా అని ఎన్నిసార్లు బతిమాలినావో నాకు తెలుసు. అది నీ డ్రైవింగ్ మీద అనుమానం కాదు.

అందుకని జాకీ వేసి ముందు చక్రాలు రెండూ ఎత్తించు, పైనా కిందా పట్టుకోని ఊపి చూడు, ట్రనియన్‌కి ఏం పోస్తాండారని అమ్మేవాణ్ని అడుగు. గ్రీజు అన్నాడంటే ఆ రెండు కంబీలు, ఇత్తడి ముక్కలు కొత్తవి వేసినాకే రోడ్డెక్కాల. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమను.

ఇంకోటి, ఘాట్ మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ కాలు ఒక్కసారిగా తియ్యొద్దు, బ్రేకూ కొట్టొద్దు. ఆ వెనక స్ప్రింగు ఉండే పద్ధతికి చక్రం లోపలికి మడుచుకోని తోక తిరుగుతాది. మలుపుకి ముందే తగ్గించుకో. బ్రేకుకి బూస్టర్ ఉండదు, గట్టిగా తొక్కాల. నువ్వు ఒక వేలితో స్టీరింగ్ తిప్పే రకం కదా, అందుకే ఇంత చెప్పడం.

శనివారం పోతాండావంట, నేనూ వస్తా. చిత్తూరులో నన్ను ఎక్కించుకో, మీ అమ్మకి నేను మాట్లాడతాలే. బంగారుపాళెం తర్వాత నేను కొన్న ఆయిల్ గన్ను ఇంకా అటక మీదే ఉంది, మీ అత్త ఎన్నోసార్లు పాత సామాన్లోడికి వేసెయ్యబోయింది, నేను ఇయ్యలా. వచ్చేటప్పుడు ఈపీ 90 ఒక లీటరు తెచ్చుకో.

మీ మామ