హెర్: నెరిసిన తల నుంచి వచ్చిన గౌరవం

చిరంజీవికి,

జర్మన్‌లో మగవారి పేరు ముందు గౌరవంగా పెట్టే 'హెర్' మీద వ్యాసం మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. "హెర్ అంటే మన హరే" అన్న వాక్యాన్ని మాత్రం ముందు కొట్టెయ్. చెవికి ఒకేలా వినబడటం చుట్టరికం కాదు. పాత రూపం, ధ్వనుల లెక్క, అర్థం నడిచిన దారి, ఈ మూడూ కుదిరాకే మాట పుట్టుక గురించి రాయాలి.

ప్రాచీన ఉన్నత జర్మన్‌లో, అంటే ఆ భాష పాత దశలో, దీని రూపం 'హేరిరో'. 'హేర్' అంటే నెరిసిన, పూజ్యమైన. 'ఇరో' చేరితే "మరింత నెరిసినవాడు", అంటే మనకన్నా పెద్దాయన. నోళ్లలో నలిగి హేర్రో, హెర్రె, చివరికి హెర్ అయింది. 'మరింత' అనే ఈ పోలిక రూపంలో ఎందుకు కట్టారంటే, ముసలి అనే అర్థమున్న లాటిన్ 'సెనెక్స్' నుంచి వచ్చిన 'సెనియోర్' (మరింత పెద్ద) అప్పటికే దొరను పిలిచే మాట. అదే అచ్చులో జర్మన్లు తమ మాటను పోసుకున్నారు. మన బడుల్లో, ఆఫీసుల్లో రోజూ పలికే 'సార్' కూడా ఆ సెనియోర్ సంతతే. ఈ సంగతి వదలకు, తెలుగు పాఠకుడు ఇక్కడే ఆగి చూస్తాడు.

ధ్వనుల దగ్గర చాలామంది జారిపోతారు. జర్మన్‌లో సైన్యాన్ని కూడా 'హేర్' అంటారు. దాని పాత రూపం 'హెరి', అచ్చు హ్రస్వం. దానికి 'హెర్'తో సంబంధం లేదు. నెరిసిన 'హేర్'కి ఇంగ్లీషు తోబుట్టువు 'హోర్' (hoar, నెరిసిన). ఎక్కువ అనే జర్మన్ 'మేర్'కి ఇంగ్లీషులో 'మోర్' ఉన్నట్టే.

హెర్ రాకముందు ప్రభువుని 'ఫ్రో' అనేవారు. ఆ మాట పక్కకు పోయింది, దాని స్త్రీరూపం, నేడు ఆడవారి పేరు ముందు పెట్టే 'ఫ్రౌ'గా నిలిచింది. అందుకే హెర్, ఫ్రౌ జంటగా తిరుగుతున్నా ధాతువులు వేరు.

అనువాదంలో కాలం చూసుకో. 9వ శతాబ్దపు రాతప్రతిలో దొరికిన పాత జర్మన్ వీరగాథ హిల్డెబ్రాండ్ గీతంలో, ఎదుటి యువకుడి కవచం చూసి ముసలి యోధుడు "ఇంటి దగ్గర నీకు మంచి హెర్రో ఉన్నాడు" అంటాడు. అక్కడ 'దొర' అనాలి, 'గారు' నప్పదు. చర్చి ప్రార్థనలో 'ప్రభువు'. నేటి బెర్లిన్ ఆఫీసు సంభాషణలో 'ష్మిట్ గారు' చాలు. 'హెర్ ష్మిట్ గారు' అంటే గౌరవం రెండుసార్లు పెట్టినట్టు. హెర్ పక్కన ఇంటిపేరే వస్తుంది, క్రియ 'మీరు'తోనే నడుస్తుంది. పాత్రలు ఒకరినొకరు 'డు' (జర్మన్ 'నువ్వు') అనుకోవడం మొదలుపెట్టిన పేజీ నుంచి హెర్ పోతుంది. నువ్వు కూడా అక్కడే 'గారు' తీసేసి, పేరు పెట్టి 'నువ్వు' అనిపించు.

ఆశీస్సులతో.