చెన్నైలో పాత ఫ్లాటు కొనేముందు ఇన్‌స్పెక్టర్‌ను ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగినవి రెండు విషయాలు: బ్యాంకు తన వాల్యుయర్‌ను ఎలాగూ పంపుతున్నప్పుడు ఇంటి లోపాలు పరీక్షించే ఇన్‌స్పెక్టర్‌ను మనం వేరేగా పెట్టుకోవడం అవసరమా, అవసరమైతే ఎవరిని నమ్మాలి అని. మొదటిదానికి జవాబు చిన్నది. వాల్యుయర్ చూసేది బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి విలువ సరిపోతుందా అన్నదే గానీ, స్నానాల గది గోడలో చెమ్మ ఉందా అన్నది కాదు. లాయరు చూసేది కాగితాలు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు 2016లో వచ్చిన రెరా చట్టం కింద, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు మన దృష్టికి వచ్చిన నిర్మాణ లోపాలను బిల్డరు ఉచితంగా సరిచేయాలి గానీ, మీరు చూస్తున్న 15 ఏళ్ల ఫ్లాటుకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి అవసరమే.

రెండోదానికి నా అనుభవం చెబుతాను. తిరువాన్మియూరులో, సముద్రానికి సుమారు కిలోమీటరు దూరంలో, మేం చూసిన ఫ్లాటు 18 ఏళ్ల నాటిది, పై అంతస్తులోది. బ్రోకరు తనకు తెలిసిన ఇన్‌స్పెక్టర్‌ను తీసుకొచ్చి, ఫీజు కూడా తానే చూసుకుంటానన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఆ వచ్చినాయన థర్మల్ కెమెరాతో 40 నిమిషాలు గదులన్నీ తిరిగి, మర్నాటికల్లా రంగురంగుల ఫోటోలతో రిపోర్టు పంపాడు. అన్నీ సంతృప్తికరమే. డాబా తాళం అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉందనీ, ఆయన ఊళ్లో లేరనీ పైకి మాత్రం వెళ్లలేదు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మా మామగారు ఆ రిపోర్టు చదివి, "డాబా ఎక్కకుండానే స్లాబు బాగుందని ఎలా రాశాడు బాబూ?" అని అడిగారు.

తరువాత మేమే వెతుక్కున్న సివిల్ ఇంజనీరు, ఫోన్లో ఫీజు మాట ఎత్తకముందే నన్ను నాలుగు ప్రశ్నలు వేశారు. డాబా తాళం ఎవరి దగ్గర ఉంది? ఈ మధ్య ఇంటికి పెయింటు వేయించారా? వాడుకకు బోరు నీరా, నగర సరఫరా అయిన మెట్రో నీరా? ఒకచోట అరచేయంత మేర సిమెంటు పూత కొట్టి చూడటానికి ఇంటాయన ఒప్పుకుంటారా? మన దేశంలో ఈ పనికి ప్రత్యేకమైన ప్రభుత్వ లైసెన్సు లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందువల్ల, పరికరాల జాబితా కంటే ఇలాంటి ప్రశ్నలు, పాత భవనాల మరమ్మతుల్లో ఉన్న అనుభవం నాకు ఎక్కువ భరోసా ఇచ్చాయి.

ఆయన కప్పంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లారు. కొత్త పెయింటు వేసిన ఒకచోట బోలుగా మోగితే, ఇంటాయన అనుమతితో అక్కడ కొట్టి చూశాం. లోపల కడ్డీలు తుప్పు పట్టి ఉన్నాయి. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పగుళ్లు వచ్చి పెచ్చులు ఊడతాయి. ఆయన ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లగా కాంక్రీటు గులాబీ రంగుకు మారింది. నేను తేలికపడ్డాను గానీ, కడ్డీలను తుప్పు నుంచి కాపాడే క్షారగుణం కాంక్రీటులో ఇంకా మిగిలి ఉందని మాత్రమే ఈ రంగు చెబుతుందనీ, ఉప్పు సంగతి తేలాలంటే కాంక్రీటు పొడిని ల్యాబుకు పంపాలనీ ఆయనే చెప్పారు. తన పరీక్ష ఎంతవరకు చెప్పగలదో చెప్పే మనిషి దొరకడం అంత సులభం కాదు. చెమ్మ కొలిచే మీటరు కూడా ఉప్పు పట్టిన గోడ మీద ఎక్కువ అంకె చూపించగలదని ముందే హెచ్చరించారు.

ఎవరినైనా ఖాయం చేసుకునే ముందు, పేర్లు తీసేసిన పాత రిపోర్టు ఒకటి చూపించమనండి. లోపం ఎక్కడుంది, ఎందుకు వచ్చింది, ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. "చెమ్మ గమనించబడినది" అని రాసి వదిలేస్తే దాంతో బేరమాడలేం. మరమ్మతు కాంట్రాక్టు కూడా తనకే ఇమ్మనే వ్యక్తి వద్దు. పరీక్ష జరిగేటప్పుడు మీరు పక్కనే ఉండండి. కరెంటు బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పనిచేస్తోందా అన్నది అయిదు నిమిషాల పని. బోరు నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోతే మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు భారత తాగునీటి ప్రమాణం అనుమతిస్తుంది. వీలైతే నవంబరు, డిసెంబరు వానల్లోనే చూపించండి. ఎండాకాలంలో పెయింటు చాలా దాస్తుంది.

మా విషయంలో మరమ్మతు ఖర్చును వేరే మేస్త్రీతో లెక్క కట్టించి, ఆ మేరకు ధర తగ్గించమని అడిగితే ఇంటాయన కొంత బెట్టు చేసి ఒప్పుకున్నారు, దాన్ని అగ్రిమెంటులో రాయించుకున్నాం. ఇదంతా అడ్వాన్సు ఇవ్వకముందే జరగాలి. డాబా తాళం దొరకడానికి మాకు అదనంగా రెండు రోజులు పట్టింది. వేరే పార్టీ సిద్ధంగా ఉందని బ్రోకరు ఎంత తొందరపెట్టినా ఆ రెండు రోజులూ ఆగాం.